వంపిన నీళ్ళు

పోయిన నెలలో ఒక మధ్యాహ్నం బాపమ్మను కోరుట్ల బస్టాండులో బెంచీ మీద కూర్చోబెట్టి, మందులు తెస్తానని చెప్పి, మార్కెట్లోకి వెళ్ళి కంద కొన్నాను. మందులు అప్పటికే నా సంచిలో ఉన్నాయి. అబద్ధాలు చెప్పడం నాకు పెద్దగా రాదు. అసలు మాట్లాడటమే తక్కువ. అందుకే ఆ ఒక్క మాట చెప్పి వస్తుంటే వెనక నుంచి బాపమ్మ చూపు నా వీపుకు తగులుతున్నట్టే అనిపించింది. కంద అంటే మా దిక్కు చాలామంది ఎర్ర తోలు తీపి గడ్డ అనుకుంటారు. నేను చెప్పేది అది కాదు. ఏనుగు పాదంలా గుండ్రంగా, మట్టి రంగులో, ఒంటినిండా బుడిపెలు లేచి ఉండే పెద్ద గడ్డ. కోరుట్లలో సగం మంది దాన్ని జిమికంద్ అంటారు. అమ్మే ఆమె కత్తి పెట్టి చీల్చగానే లోపల లేత గులాబీ రంగు కనిపించింది, తడిసిన మట్టి వాసన వచ్చింది. ఆ వాసన పీల్చి ఎన్నేళ్ళయిందో. మా ఇంట్లోకి కంద రాక ఆగిపోయిన తర్వాత ఆ పేరు కూడా ఎవరం ఎత్తలేదు.

ఆ రోజు పొద్దున జగిత్యాలలో డాక్టరుకు చూపించి వస్తున్నాం. నేను ఉండేది సిరిసిల్లలో. ఒక బడిలో లైబ్రరీ చూసుకుంటాను. అమ్మ ఫోన్ చేసి, బాపమ్మకు రక్తం పోతున్నదని, ఎవరికీ చెప్పకుండా చీర తనే ఉతుక్కుంటున్నదని, గంజి తప్ప ఇంకేమీ ముట్టడం లేదని చెప్పింది. మా అమ్మ అంత పొడుగు మాట ఫోన్లో మాట్లాడిందంటేనే నాకు భయం వేసింది. డాక్టరు కుర్రవాడు, మర్యాదస్తుడు. మూలశంక ముదిరిందనీ, ఒంట్లో రక్తం బాగా తగ్గిపోయిందనీ, ఇప్పుడైనా సరిగా తినకపోతే పడుకోబెట్టి రక్తం ఎక్కించాల్సి వస్తుందనీ నాకు చెప్పాడు. తర్వాత బాపమ్మ వైపు తిరిగి నవ్వుతూ, "కంద కూర తిను అవ్వా. మీ కాలంల దీనికి గదే మందు గదా," అన్నాడు. బాపమ్మ కొంగు భుజం మీదికి లాక్కుని లేచి నిలబడింది. జగిత్యాల నుంచి కోరుట్ల దాకా బస్సులో కిటికీ వైపే చూస్తూ కూర్చుంది. ఆ కుర్రవాడికి ఏం తెలుసు? అతను ఏ మాట అన్నాడో ఆమెకు తెలుసు, నాకు తెలుసు.

మా ఊరు కోరుట్ల దాటాక ఆటోలో పోవాలి. ఇంటి వెనక స్నానాల బండ, బండ నుంచి పారే నీళ్ళకు కాలువ, ఆ కాలువ వెంబడి బాపమ్మ కంద మడి. ఆ విత్తనం ఆమె పుట్టిల్లు బీర్పూర్ నుంచి వచ్చింది. పెళ్ళయి వచ్చేటప్పుడు చీరల మూటలో కన్నున్న రెండు ముక్కలు పెట్టుకుని వచ్చిందట. ఎండలు ముదిరినప్పుడు గుంతలు తీసి, పెంట, పొయ్యి బూడిద వేసి, కన్ను పైకి ఉండేట్టు ముక్కలు పెట్టేది. తొలకరి పడగానే ఒంటి కాడ లేచేది. ఆకుపచ్చ మీద తెల్ల మచ్చలతో ఆ కాడ అచ్చం పాములా ఉండేది. చిన్నప్పుడు నేను చీకటి పడితే స్నానాల బండ వైపు పోయేదాన్ని కాదు. కాడ పైన ఆకులు గొడుగులా విచ్చుకునేవి. చలికాలంలో ఆ గొడుగు పండి, వాలి, ఎండిపోయాక ఆమె గడ్డపార తీసుకుని కూర్చునేది. గడ్డకు దెబ్బ తగలకుండా చుట్టూ మట్టి లాగుతూ, ఆఖరికి రెండు చేతులూ కింద పెట్టి, పసిపిల్లను ఎత్తినట్టు ఎత్తేది.

కంద వండటం మా ఇంట్లో ఒక పద్ధతి. ముందు చేతులకు నూనె రాసుకోవాలి, లేకపోతే మోచేతుల దాకా దురద. తోలు మందంగా చెక్కాలి. ముక్కలు బియ్యం కడిగిన నీళ్ళలో నానాలి. ఆ నీళ్ళు దురద నీళ్ళు, అవి కాలువలోకి. తర్వాత చింతపండు వేసి ఉడకబెట్టిన నీళ్ళు మాత్రం బాపమ్మ ఒక్క చుక్క పోనిచ్చేది కాదు. ఒక్క కంద అనే కాదు, మా ఇంట్లో ఉడికిన నీళ్ళు ఏవీ పారబోయరు. అన్నం వారిస్తే గంజి, పప్పు ఉడికితే కట్టు, ఆకుకూర నీళ్ళతో చారు. ముక్క నమిలే ఓపిక లేనివాళ్ళకు ఆ నీళ్ళే తిండి అని బాపమ్మ లెక్క. జ్వరం వచ్చి లేచినా, కాన్పయి లేచినా మొదట గొంతులో పడేది ఆ చారే. మిరియం, వెల్లుల్లి పోపు వాసన ఇంట్లో లేస్తే ఎవరికో బాగాలేదని అర్థం.

మా అమ్మ బీడీలు చేసేది. పొద్దున తడిపిన తునికాకు వాసన, తంబాకు ఘాటు, ఈ రెండూ మా ముందరి వసారా వాసన. చాటలు ఒళ్ళో పెట్టుకుని పొద్దంతా కూర్చునే ఆడవాళ్ళకు మూలశంక మామూలు. చెప్పుకోవడానికి సిగ్గు. వాళ్ళు ముందర నుంచి రాకుండా వెనక దర్వాజ నుంచి వచ్చి, బాపమ్మతో వానల గురించో కోడలి గురించో మాట్లాడి, లేవబోతూ ఆగేవారు. ఆమె ఏం కావాలని అడిగేది కాదు. కత్తిపీట ముందు వేసుకుని ఒక ముక్క కోసి, ఆకులో చుట్టి కొంగులో పెట్టేది. పేగు కడుగుతుంది, వాతం దించుతుంది, కాలు చేతులకు బలం ఇస్తుంది అని వాళ్ళు వెళ్ళాక నాకు చెప్పేది. నేను మాట్లాడను కాబట్టి నాకు అన్నీ చెప్పేది.

ఆ మడిలో పెద్ద గడ్డ ఎవరికీ పోదు. అది మా నాన్నది, బాపుది. బాపు గల్ఫ్‌లో ఎండలో కట్టడాల మీద పని చేసేవాడు. సెలవు మీద ఎప్పుడు వస్తాడో ఎవరికీ తెలియదు కాబట్టి ఆ గడ్డ మంచం కింద ఇసుకలో ఎదురు చూసేది. వచ్చిన రోజు సూట్‌కేసు తెరవకముందే కూర పొయ్యి మీద ఉండేది. తిని, పళ్ళెం ఎత్తి వాసన చూసి, అక్కడ ఏసీ గదులున్నాయి, పెద్ద పెద్ద ఫ్రిజ్‌లున్నాయి, ఇది మాత్రం లేదని నవ్వేవాడు. తిరిగి పోయేటప్పుడు కంద పచ్చడి సీసా బట్టల మధ్య పోయేది.

ఆఖరిసారి వచ్చినప్పుడు ఆయన సూట్‌కేసు వేరేవాళ్ళు మోసుకొచ్చారు. ముఖం ఉబ్బి ఉంది, పాదాలు చెప్పుల్లో పట్టడం లేదు. ఎండలో నీళ్ళు తాగకుండా పని చేసి చేసి కిడ్నీలు పోయాయన్నారు. అప్పుడు నేను తొమ్మిదో తరగతి. వారంలో కొన్ని రోజులు జగిత్యాలకు పోయి రక్తం శుద్ధి చేయించుకోవాలి. అమ్మ బీడీలు ఇచ్చి రావాలి, బాపమ్మకు మోకాళ్ళ నొప్పులు. అందుకని బాపుతో నేనే పోయేదాన్ని. ఆయన కళ్ళు మూసుకుని పడుకుంటే, ఆయన రక్తం గొట్టాల్లో తిరుగుతుంటే, నేను పక్కన స్టూలు మీద కూర్చుని పుస్తకం చదువుకునేదాన్ని. ఏ పుస్తకమో గుర్తు లేదు. యంత్రం చేసే చప్పుడు గుర్తుంది.

ఇంటికి వచ్చాక పథ్యం. ఉప్పు లేదు. నీళ్ళు చాయ్ గ్లాసుతో కొలిచి ఇవ్వాలి. అరటిపండు లేదు, కొబ్బరినీళ్ళు లేవు, గడ్డలు లేవు. ఎండాకాలం మొదలయ్యేసరికి బాపు నాలుక ఎండి, తడిపిన బట్ట పెదవులకు అద్దుకునేవాడు. మూలన కుండ ఉండేది. ఆయన కుండ వైపు చూసేవాడు కాదు, గోడ వైపు తిరిగి పడుకునేవాడు. రోజురోజుకూ భుజాల ఎముకలు బయటికి వచ్చాయి. బాపమ్మ వంట చేసి, చప్పటి అన్నం ముందు పెట్టి, ఆయన రెండు ముద్దలు తిని పళ్ళెం జరిపితే అక్కడే కూర్చుండిపోయేది. పథ్యం పేరు మీద మనిషిని ఎండబెడుతున్నారని వసారాలో బీడీలు చేసేవాళ్ళతో అనేది. వాళ్ళు తల ఊపేవారు. నాకూ ఒక్కోసారి అలాగే అనిపించేది. మందుకు పోతున్నాం, మందు ఇస్తున్నారు, మనిషి మాత్రం మా కళ్ళ ముందే తరిగిపోతున్నాడు.

ఒకసారి బాపమ్మ పట్టుబట్టి మాతో జగిత్యాల వచ్చింది. బాపును యంత్రానికి ఎక్కించాక, అక్కడి సిస్టర్ దగ్గరికి పోయి, కొడుకు ప్రాణమంతా కంద మీద ఉందనీ, ఒక్క ముక్క పెడితే ఏమవుతుందనీ అడిగింది. సిస్టర్ మంచిది, విసుక్కోలేదు. చిన్న ముక్కలు కోసి, వేడినీళ్ళలో నానబెట్టి, ఆ నీళ్ళు పోసేసి, మళ్ళీ ఎక్కువ నీళ్ళలో ఉడకబెట్టి, అవి కూడా వంపేసి, ఎప్పుడో ఒకసారి ఒకటి రెండు ముక్కలు పెట్టమని చెప్పింది.

"రెండో నీళ్ళు గూడ ఎందుకు ఒంపాలె బిడ్డా?" అని బాపమ్మ అడిగింది.

"గడ్డల ఉన్నదంత ఆ నీళ్ళల్లకు దిగుతది అవ్వా," అని సిస్టర్ అంది. అంతలో వేరే మంచం దగ్గర యంత్రం కూత పెట్టింది. ఆమె అటు పరుగెత్తింది.

బాపమ్మ తిరిగి వస్తూ బస్సులో ఆ మాటే ఒకసారి తనలో తాను అనుకుంది. నేను విన్నాను. అందులో నాకు వింత ఏమీ తోచలేదు. డాక్టర్లు చెప్పింది ఇన్నాళ్ళకు ఆమెకు పట్టిందని సంతోషం కూడా వేసింది.

ఆ తర్వాత కొన్నాళ్ళు మా ఇల్లు కొంచెం తేలికపడింది. బాపమ్మ మంచం కింద ఇసుకలో దాచిన గడ్డ తీసింది. సిస్టర్ చెప్పినట్టే చిన్న ముక్కలు, వేడినీళ్ళు, రెండోసారి ఉడకబెట్టడం. బాపు పళ్ళెంలో రెండు ముక్కలు పడితే ఆయన వాటిని వెంటనే తినకుండా కాసేపు చూసేవాడు. పక్కన చాయ్ గ్లాసులో చారు. ఆ చారుకు ఆయన తాగాల్సిన నీళ్ళలోంచే కోత. అంత కచ్చితంగా ఉండేది ఆమె. వెల్లుల్లి పోపు వాసన ఇంట్లో మళ్ళీ లేచింది. బాపు కళ్ళు మూసుకుని, గుక్కగుక్కకూ ఆగి తాగేవాడు. మంచిగుంది అవ్వా అనేవాడు. ఏం చారని మాలో ఎవరూ అడగలేదు. చారు చారే కదా.

ఒక పొద్దున బాపు మంచం మీద నుంచి కాళ్ళు కిందికి దించలేకపోయాడు. "ఇవి నా కాళ్ళు గావు బిడ్డా, ఎవరియో తెచ్చి పెట్టిన్రు," అని నన్ను చూసి నవ్వబోయాడు. పెదవులు కూడా బరువుగా కదిలాయి. అమ్మ ఒళ్ళో చాట కింద పడి తంబాకు వసారా అంతా చల్లుకుపోయింది. ఊళ్ళో ఆటో ఆయన ఎక్కించుకున్న వాళ్ళను దింపేసి మమ్మల్ని తీసుకుపోయాడు. దారిలో బాపు తల నా ఒళ్ళో ఉంది. ఊపిరి పీల్చి వదలడానికీ మళ్ళీ పీల్చడానికీ మధ్య ఎంతసేపు పట్టిందో చూస్తూ, లోపల ఏదో మొక్కుకుంటూ పోయాను. ఏ దేవుడికో కూడా గుర్తు లేదు. ఎవరు వింటే వాళ్ళకు.

డ్యూటీ డాక్టరు గుండె గీతల కాగితం చూసి, ఏం పెట్టారని అడిగాడు. గట్టిగా అడగలేదు, తొందరగా అడిగాడు. అరటిపండా, కొబ్బరినీళ్ళా, గడ్డలా? అమ్మ నా వైపు చూసింది. నేను బాపమ్మ వైపు చూశాను. ఆమె తలుపు దగ్గర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది.

"ముక్కలు రెండే పెట్టిన సారూ, నీళ్ళు ఒంపినంకనే," అంది.

"ఒంపిన నీళ్ళు ఏం జేసినవ్?"

"చారు గాసి పోసిన. ఉన్నదంత అండ్లకే దిగుతదని ఆ బిడ్డనే చెప్పె గదా. ఉత్త పిప్పి తింటే నా కొడుకు ఎట్ల లేస్తడు?"

డాక్టరు అప్పటికే ఇంజక్షన్ చెప్పి బాపును లోపలికి తీసుకుపోయాడు. గడ్డలో ఉన్న పొటాషియం అనే లవణం నీళ్ళలోకి దిగుతుందనీ, మంచి కిడ్నీలు దాన్ని బయటికి పంపేస్తాయనీ, బాపు ఒంట్లో అది అలాగే నిలిచిపోయి గుండెను పట్టుకుందనీ తర్వాత నాకు చెప్పారు. సిస్టర్ చెప్పింది నిజమే. బాపమ్మ విన్నదీ అదే మాట. కంద గుణం నీళ్ళలోకి దిగుతుందని ఆమెకు మొదటి నుంచీ తెలుసు. ఆ గుణం తన కొడుకు మీద తిరగబడుతుందని మాత్రం ఊహించలేకపోయింది. ఏ తల్లి ఊహిస్తుంది?

బాపు ఆసారికి బతికాడు. ఇంటికి వచ్చి మంచం మీద వాలుతూ, చారు మంచిదే, తన గుండెకే ఓర్వలేనితనం అని బాపమ్మను నవ్వించబోయాడు. ఆమె నవ్వలేదు. మరునాడు గడ్డపార తీసుకుని మడిలోకి దిగింది. అప్పుడే నాలుగు వానలు పడి కాడలు లేచి, గొడుగులు పచ్చగా విచ్చుకుని ఉన్నాయి. ఏ గడ్డకూ దెబ్బ తగలకుండా తీసే మనిషి ఆ రోజు గడ్డపార ఎక్కడ పడితే అక్కడ దించింది. తెగిన ముక్కలు చేతులతో ఏరి, తట్టలో వేసి, ఊరి బయట దిబ్బ మీద పోసి వచ్చింది. చేతులకు నూనె రాసుకోలేదు. సాయంత్రానికి రెండు చేతులూ ఎర్రగా కంది, వాచి, వేళ్ళు మూయడానికి రాలేదు. నేను చింతపండు పిసికి తీసుకుపోతే చేతులు వెనక్కి పెట్టుకుంది. అమ్మ వసారాలోంచి చూస్తూనే ఉంది. లేవలేదు. అమ్మకు కోపం ఉండేది. చాలా కాలం బాపమ్మ వడ్డిస్తే తినలేదు, తనే పెట్టుకుని తినేది.

మరుసటి ఎండాకాలంలో బాపు పోయాడు. అది కంద వల్ల కాదు. ఆయన గుండె అప్పటికే అలిసిపోయిందని, ఎప్పుడైనా జరగాల్సిందేనని ఆస్పత్రిలో చెప్పారు. కానీ చూడవచ్చిన ప్రతివాళ్ళకూ బాపమ్మ ఒకటే చెప్పింది, నా చేతి చారే నా కొడుకును తిన్నదని. కొందరు కాదన్నారు. కొందరు ఊరుకున్నారు. ఊరుకున్నవాళ్ళ ముఖాలే ఆమె గుర్తు పెట్టుకుంది. వెనక దర్వాజకు వచ్చే ఆడవాళ్ళు రావడం మానేశారు. మడి ఉన్నచోట ఇప్పుడు అమ్మ బంతి చెట్లు పెడుతుంది.

సిరిసిల్లలో నా గదికి పగలంతా మగ్గాల చప్పుడు వినిపిస్తుంది. ఆ చప్పుడులో కూర్చుని దొరికిన పుస్తకమల్లా తెరిచి కంద గురించి చదివాను. సంస్కృతంలో దానికి అర్శోఘ్నం అని పేరట, మూలశంకను చంపేది అని. పీచు ఎక్కువ, కొవ్వు లేదు, పేగుకు మంచిది. నాలుకను పొడిచేవి సూదుల్లాంటి సన్నటి స్ఫటికాలు, చింతపండు పులుపు తగిలితే వాటి పొగరు తగ్గుతుంది. అందులో ఉన్న పొటాషియం రక్తపోటు ఉన్నవాళ్ళకు మేలు చేస్తుంది, కిడ్నీలు పోయినవాళ్ళను చంపగలదు. ఇవన్నీ నా డైరీలో రాసుకున్నాను. బాపు చావుకు చారు కారణం కాదని కూడా రాసుకున్నాను, ఒకసారి కాదు. అప్పట్లో మాకు కందను ముట్టుకోవడం తెలుసు, అందులో ఉన్నవాటి పేర్లు తెలియవు. ఇప్పుడు నాకు అన్ని పేర్లూ తెలుసు. వాటిలో ఒక్కదానితోనూ బాపమ్మ చేత ఒక ముద్ద తినిపించలేకపోతున్నాను.

ఆ రోజు మార్కెట్ నుంచి వచ్చి బాపమ్మ పక్కన బెంచీ మీద సంచి పెట్టాను. ఆమె సంచి వైపు చూడలేదు. ఆటోలో మాత్రం సంచి ఆమె కాలికి తగిలితే కాలు జరపలేదు. ఇంటికి వచ్చాక అమ్మ నా చేతిలోది చూసి గుమ్మంలో ఆగిపోయింది. బాపమ్మ నడిచేందుకు గోడ పట్టుకోవడం, చీర వెనక ఆరని మరక చూసింది. లోపలికి పోయి నూనె సీసా తెచ్చి నా ముందు పెట్టింది. మళ్ళీ వసారాలోకి పోయి చాట ఒళ్ళోకి తీసుకుంది.

చేతులకు నూనె రాసుకుని, తోలు మందంగా చెక్కి, ముక్కలు కోశాను. దురద నీళ్ళు కాలువలో పోశాను. చింతపండు వేసి ఉడకబెట్టాను. రెండో నీళ్ళు వంపి గిన్నె ఎత్తుకుని వెనక దర్వాజ దాకా వచ్చాను. బాపమ్మ మంచం మీద పడుకునే ఉంది, కళ్ళు మూసుకునే ఉంది.

"పారబొయ్యకు," అంది.

నేను ఆగాను.

"చారు గాయి."

మిరియం దంచి, వెల్లుల్లి పోపు వేసి చారు కాచాను. పళ్ళెంలో ముక్కలు, చాయ్ గ్లాసులో చారు ఆమె ముందు పెట్టాను. ముక్కలు ముట్టలేదు. గ్లాసు రెండు చేతులతో పట్టుకుంది. అన్నేళ్ళు ఇంటిల్లిపాదికీ కాచిన మనిషి, బాపుకు పోసిన చారు మాత్రం తను ఎప్పుడూ రుచి చూడలేదు. ఒక గుక్క తాగి ఆగింది. ఇంకొకటి తాగింది. వసారాలో తునికాకు కోసే కత్తెర చప్పుడు ఆగిపోయింది, అమ్మ వింటున్నది.

"ఉప్పేసినవా?" అని బాపమ్మ అడిగింది.

"ఏసిన బాపమ్మా."

ఆమె గ్లాసు ఒళ్ళోకి దించుకుంది.

"నేను ఎయ్యలె," అంది. "వాళ్ళు వద్దన్నరని ఒక్క పలుకు గూడ ఎయ్యలె బిడ్డా. చప్పటిదే తాగిండు. మంచిగుందన్నడు."